వెల్సు కథా సంపుటాలు

వారపత్రికలో అచ్చయిన కథకు ఆయుర్దాయం ఏడు దినాలు. ఎనిమిదవనాడు కొత్త సంచిక వస్తుంది. పాత సంచిక పచారీ కొట్టులో పొట్లాలకు పోతుంది. ఆ కథ తరువాతి తరాల పాఠకులకు దక్కవలెనంటే ఎవరో ఒకరు దానిని పుస్తకంలోనికి ఎక్కించవలె. అప్పుడు పుట్టే ప్రశ్నలు చాలా ఉన్నవి. దేనిని తీసుకొనవలె? దేనిని విడువవలె? రచయిత తరువాత దిద్దిన పాఠం ప్రమాణమా, మొదట అచ్చయినది ప్రమాణమా? ఈ ప్రశ్నలకు ఒక్క రచయిత విషయంలోనే ఎన్ని వేర్వేరు సమాధానాలు రాగలవో తెలుసుకొనడానికి ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్సు కథానికల చరిత్ర మంచి ఉదాహరణ. కాలయంత్రాన్నీ, అదృశ్య మానవుణ్ణీ, అంగారక గ్రహవాసుల దండయాత్రనూ కల్పించిన నవలాకారునిగా అతనిని విద్యార్థులు సైతం ఎరుగుదురు. కథానికల సంగతి అంతగా ప్రచారంలోనికి రాలేదు. వాటిలో కొన్ని ఆ నవలలకు ఏమాత్రం తీసిపోవు. ఒకటి రెండు మించినవనే చెప్పవచ్చు.

వెల్సు 1866లో కెంటు మండలంలోని బ్రామ్లీలో జన్మించినాడు. కలిగిన కుటుంబం కాదు. చిన్నతనంలో బట్టల దుకాణంలో పని నేర్చుకొమ్మని పెట్టినారు; అక్కడ అతని మనసు నిలువలేదు. 1884లో విద్యార్థి వేతనం సంపాదించి లండనులోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్సులో చేరి, టి.హెచ్. హక్స్లీ వంటి మహామహుని వద్ద జీవశాస్త్రం అభ్యసించినాడు. తరువాత బడిపంతులైనాడు. కిల్బర్నులోని హెన్లీ హౌస్ పాఠశాలలో అతడు పాఠాలు చెప్పిన రోజులలో, అనంతరం బాలసాహిత్యంలో విఖ్యాతుడైన ఎ.ఎ. మిల్ను అక్కడ విద్యార్థి. ఉత్తరాల ద్వారా చదువు చెప్పే ఒక కళాశాలకు కూడా జీవశాస్త్ర బోధకుడుగా పనిచేసినాడు. 1893లో జీవశాస్త్రం మీద అతని పాఠ్యగ్రంథం వెలువడినది. ఆ ఏడే నోట రక్తం పడి మంచమెక్కినాడు. నిలబడి పాఠం చెప్పే వృత్తి ఇక సాగదని తేలిపోయినది. కూర్చుండి వ్రాసే వృత్తి ఒకటే మిగిలినది.

1894లో పాల్ మాల్ బడ్జెట్ అనే వారపత్రిక సంపాదకుడు లూయిస్ హిండ్ అతనిని పిలిపించి, నీకున్న శాస్త్ర పరిజ్ఞానాన్ని ఉపయోగించి ఒక్క కూర్పులో చదివి ముగించదగిన చిన్న కథలు వ్రాయరాదా అని అడిగినాడు. కథకు అయిదు గినీలు పారితోషికం. వెల్సు ఒప్పుకొన్నాడు. 1894 జూన్ 21వ తేదీ సంచికలో 'ది స్టోలెన్ బాసిలస్' అచ్చయినది. సూక్ష్మజీవుల శాస్త్రజ్ఞుడొకడు తన వద్దకు వచ్చిన అతిథికి గాజు గొట్టంలోని ద్రవాన్ని చూపి, ఇది కలరా క్రిమి అని గొప్పగా చెబుతాడు. అతిథి అరాచకవాది. గొట్టం దొంగిలించి, నగరానికి నీరిచ్చే చెరువులో కలపాలని బండి ఎక్కి పారిపోతాడు. శాస్త్రజ్ఞుడు నెత్తిన టోపీ కూడ లేకుండ మరొక బండిలో వెంట పడతాడు. అతని భార్య ఆ టోపీ, చెప్పులు, కోటు పట్టుకొని మూడవ బండిలో. తీరా చూస్తే ఆ గొట్టంలో ఉన్నది కలరా కాదు, కోతుల ఒంటిపై నీలిమచ్చలు పుట్టించే ఏదో క్రిమి! భయంతో ఆరంభమై నవ్వుతో ముగిసే ఈ ఎత్తుగడ వెల్సు తొలి కథలలో తరచు కనిపిస్తుంది.

అవి త్వరితగతిని వెలువడినవి. 1895లో మెథ్యూయెన్ సంస్థ మొదటి కథతో పాటు మొత్తం పదిహేను కథలు ఒక పుస్తకంగా వేసినది. 'ది టైమ్ మెషీన్' పుస్తకమైనదీ ఆ సంవత్సరమే. 1897లో 'ది ప్లాట్నర్ స్టోరీ' పేర పదునేడు కథలు; 1899లో 'టేల్స్ ఆఫ్ స్పేస్ అండ్ టైమ్' పేర అయిదు పెద్ద కథలు; 1903లో 'ట్వెల్వ్ స్టోరీస్ అండ్ ఎ డ్రీమ్' పేర పదమూడు. పదేండ్లలోపున నాలుగు సంపుటాలు, ఏబది కథలు. ఆ తరువాత ధార క్షీణించినది. సంఘసంస్కరణ, భావి ప్రపంచ ప్రభుత్వం, చరిత్ర రచన అతనిని లాగుకొన్నవి.

1911లో థామస్ నెల్సన్ సంస్థ వారు వెల్సు కథలను ఒకే అట్టల మధ్య తేదలచినారు. రచయితయే ఏరినాడు, అవసరమైన చోట్ల దిద్దినాడు. 'ది కంట్రీ ఆఫ్ ది బ్లైండ్ అండ్ అదర్ స్టోరీస్' అనే ఆ గ్రంథంలో ముప్పదిమూడు కథలున్నవి. దాని పీఠిక చదువదగినది. ఒకప్పుడు తాను ఎంత చురుకైన కథకుడో, ఇప్పుడు ఎంతమాత్రం కాడో, ఈ ఏరివేత పనిలో తనకే కొత్తగా తెలిసివచ్చినదని వెల్సు అందులో ఒప్పుకొంటాడు. కథానికకు ఫ్రెంచి వారి కఠిన నియమాలు వద్దనీ, పదిహేను నిమిషాలు మొదలు ఏబది నిమిషాలలోపున పైకి చదువదగినదైతే చాలుననీ అతని మతం. చాలా కథలకు రచనాకాలం సూచించడానికి ప్రయత్నించినట్లు కూడ చెప్పినాడు. ఈ చివరి సంగతి చిన్నదిగా కనబడవచ్చును గాని, దాని విలువ మున్ముందు తెలుస్తుంది.

ఆ పీఠికలో మరొక వాదం ఉన్నది. 'టేల్స్ ఆఫ్ స్పేస్ అండ్ టైమ్' లోని రెండు గొలుసు కథలను మినహాయిస్తే, ఏ కొంచెమైనా విలువ గల తన కథానికను దేనినీ ఈ సంపుటంలో విడువలేదని వెల్సు వ్రాసినాడు. అనగా ఇందులో లేనిది విలువ లేనిదని రచయిత తీర్పు. ఆ తీర్పు ఎంతవరకు నిలిచినది?

1903 డిసెంబరు నెల స్ట్రాండ్ మాసపత్రికలో వెల్సు 'ది లాండ్ ఐరన్‌క్లాడ్స్' అనే కథ వ్రాసినాడు. రెండు సైన్యాలు కందకాలు త్రవ్వుకొని ఎదురుబొదురుగా కూర్చున్నవి, యుద్ధం కదలదు. ఒక తెల్లవారుజామున ఎనుబది నూరు అడుగుల పొడవు గల ఇనుప కవచపు యంత్రాలు, కందకాలను సునాయాసంగా దాటగల విచిత్రమైన చక్రాలపై దొర్లుకొంటూ వచ్చి శత్రువుల పంక్తులను తుడిచివేస్తాయి. లోపల కూర్చుండి గురి చూసేవారు వీరులు కారు, యంత్రశాస్త్రం చదివిన యువకులు. పదమూడేండ్ల తరువాత, 1916 సెప్టెంబరు 15న, ఫ్రాన్సులో సోమ్ రణరంగాన బ్రిటిష్ సైన్యం ప్రపంచంలో మొదటిసారిగా టాంకులను నడిపించినది. ఆ కథ 1911 సంపుటంలో లేదు! సముద్రగర్భంలోనికి దిగిన మానవుని కథ 'ఇన్ ది అబిస్' లేదు. విమాన నిర్మాణాన్ని గురించిన 'ది ఆర్గొనాట్స్ ఆఫ్ ది ఎయిర్', 'ఫిల్మర్' కూడ లేవు. పీఠిక వ్రాసేనాటికి ఆకాశయానం వార్తాపత్రికల సంగతైపోయినది; ఊహగా వ్రాసిన కథలు వెలవెలబోయినట్లు రచయితకు తోచినవో ఏమో. ఏమైనను తన రచనకు తానే న్యాయాధిపతిగా కూర్చున్నవాడు అన్నివేళలా మంచి తీర్పరి కాడని ఈ జాబితాయే సాక్ష్యం.

అదే 1911లో న్యూయార్కులో మిచెల్ కెన్నర్లీ ప్రచురించిన 'ది డోర్ ఇన్ ది వాల్' సంపుటం ఇందుకు పూర్తిగా భిన్నం. కథలు ఎనిమిదే. ఆల్విన్ లాంగ్డన్ కోబర్న్ తీసిన ఛాయాచిత్రాలు అందులోని అలంకారం. ఈ పుస్తకం కొరకే ఫ్రెడరిక్ గౌడీ ఒక కొత్త అచ్చు అక్షరాల తరగతిని రూపొందించినాడు. ప్రచురణకర్త పేరనే దానిని కెన్నర్లీ అక్షరాలంటారు. ఆ పుస్తకం చూచినవారు కొద్దిమంది. ఆ అక్షరాలలో అచ్చయిన ఇతర గ్రంథాలు చదివినవారు ఎందరో.

వెల్సు కథలకు రెండవ జన్మ అమెరికాలో చౌకకాగితంపై కలిగినది. 1926 ఏప్రిలులో హ్యూగో గెర్న్స్‌బాక్ 'అమేజింగ్ స్టోరీస్' అనే మాసపత్రిక స్థాపించినాడు. వైజ్ఞానిక కల్పనలకే ప్రత్యేకించిన మొదటి ఆంగ్ల పత్రిక అది. తొలి సంచికలో కొత్త కథ ఒక్కటీ లేదు, అన్నీ పునర్ముద్రణలే. జూల్స్ వెర్న్, ఎడ్గార్ అలన్ పోల ప్రక్కన వెల్సు కథ 'ది న్యూ ఆక్సిలరేటర్' ఉన్నది. ఒక ఔషధం త్రాగిన ఇద్దరు మిత్రులకు నరాల వేగం వేలరెట్లు పెరిగి, లోకమంతా బొమ్మల కొలువులా నిశ్చలమై కనిపించే కథ అది. మొదట 1901లో అచ్చయినది. ఆ తరువాత రెండేండ్లకు పైగా ఆ పత్రిక వెల్సు పాత రచనలను వేస్తూనే వచ్చినది. ఇంగ్లండులో సాహితీపరుల చేతిలో ఉన్న పుస్తకం అక్కడ రంగురంగుల ముఖచిత్రం వెనుక చేరి, బడిపిల్లల చేతికి వచ్చినది. సైన్స్ ఫిక్షన్ అనే ప్రత్యేక శాఖకు పూర్వీకుడుగా వెల్సు స్థిరపడిపోవడంలో ఈ చవక పునర్ముద్రణల పాలు తక్కువది కాదు.

ఇంతలో స్వదేశంలో గౌరవ ముద్రణల కాలం వచ్చినది. 1924 మొదలు 1927 వరకు అట్లాంటిక్ ముద్రణ పేర ఇరువదియెనిమిది సంపుటాలలో వెల్సు రచనలు వెలువడినవి. అందులో కథానికలు ఒక్కచోట లేవు. నవలల ప్రక్కన సర్దబడినవి. 1927లో ఎర్నెస్ట్ బెన్ సంస్థ ఒక్క బృహత్సంపుటంలో అరువదిమూడు రచనలు ముద్రించినది. 'ది టైమ్ మెషీన్' కూడ వాటిలో ఒకటి. ఈ గ్రంథపు కూర్పు గమనింపదగినది. 1895 మొదలు 1903 వరకు వెలువడిన నాలుగు పుస్తకాలనూ చెదరగొట్టక, వేటికవిగా అదే క్రమంలో నిలిపి, మిగిలిన విడికథలను వేరుగా చేర్చినారు. అందుచేత తన తొలి పాఠకులు ఏ వరుసలో చదివినారో ఆ వరుస నిలిచినది. 1911లో త్రోసివేయబడిన టాంకుల కథ ఇందులో మళ్ళీ కనబడినది. రచయిత ఏరిన ముప్పదిమూడు కన్న ప్రచురణకర్త పోగుచేసిన అరువదిమూడే పాఠకులకు ఎక్కువ మేలు చేసినదని ఒప్పుకొనవలె.

అనంతర ముద్రణలలో ఈ గ్రంథానికి 'సంపూర్ణ కథానికలు' అనే పేరు పెట్టినారు. ఆ పేరు అతిశయోక్తి. వెల్సు 1946 వరకు జీవించినాడు. 1932లో అతడు వ్రాసిన బ్రౌన్లో వార్తాపత్రిక కథ అందులో లేదు. 1931 నవంబరులో ఒకనాటి సాయంత్రం బ్రౌన్లో అనే వాని ఇంటికి పొరపాటున నలుబదియేండ్ల తరువాతి పత్రిక వచ్చి పడుతుంది. 1971 నాటి ఆ పత్రిక రంగులలో అచ్చయి ఉంటుంది. భూగర్భంలోని వేడిని వాడుకొనే సంగతులు అందులో ఉంటాయి. ఇటువంటి కథ మాసపత్రికల కట్టలలో అర్ధశతాబ్దం పడి ఉన్నది. 1960లో వెల్సు సంఘాన్ని స్థాపించిన జాన్ హామండ్, ఏ పుస్తకంలోను చేరని కథలను వెదకి 1984లో ఒక ప్రత్యేక సంపుటంగా తెచ్చినాడు. 1998లో అన్నింటినీ కలిపి డెంట్ సంస్థ ద్వారా మరొక 'సంపూర్ణ' సంపుటం సిద్ధపరచినాడు. ఇందులో రచయిత ఇష్టాయిష్టాలకు గాని పుటల లెక్కకు గాని ప్రాధాన్యం లేదు. దొరికినదంతా దొరికినట్లు భద్రపరచడమే సంపాదకుని ధర్మమైనది.

ఇంతవరకు చెప్పినది ఏ కథ చేరినది, ఏది చేరలేదు అనే విచారం. ఒకే కథకు రెండు రూపాలున్నప్పుడు చిక్కు ఇంకా పెద్దదవుతుంది.

'ది కంట్రీ ఆఫ్ ది బ్లైండ్', అనగా అంధుల దేశం, 1904 ఏప్రిల్ స్ట్రాండ్ పత్రికలో మొదట అచ్చయినది. ఆండీస్ పర్వతాలలో లోకంతో సంబంధం తెగిపోయిన ఒక లోయ. అక్కడివారు పదునాలుగు తరాలుగా పుట్టంధులు. ఇండ్లకు కిటికీలు ఉండవు. చల్లని వేళ పనిచేస్తారు, వెచ్చని వేళ నిద్రిస్తారు. మనకు రాత్రింబవళ్ళెట్లో వారికి చలీ వేడీ అట్లు. న్యూనెజ్ అనే కొండదారి చూపరి కాలుజారి ఆ లోయలో పడతాడు. గ్రుడ్డివారిలో ఒంటికంటివాడే రాజని అతని దేశపు సామెత. చెట్టు లేని ఊళ్ళో ఆముదపు చెట్టు మహావృక్షమని తెలుగువారన్నట్లే. కాని అక్కడ అతని చూపు ఎందుకూ కొరగాదు. చూడడం అనే మాటకే వారి భాషలో అర్థం లేదు. అతడు పిచ్చివాడని నిర్ణయిస్తారు. మెదీనా సరోతే అనే యువతిని అతడు ప్రేమిస్తాడు. ఆ యువతిని ఇవ్వవలెనంటే, అతని బుద్ధిని చెరుస్తున్న ఆ కదిలే గడ్డలను, అనగా కన్నులను, కోసివేయించుకొమ్మని వైద్యుడు షరతు పెడతాడు. ఒప్పుకొని, చివరినాడు తెల్లవారుతున్న కొండల అందం చూచి, మనసు మార్చుకొని పైకి ఎక్కిపోతాడు. రాత్రి నక్షత్రాల క్రింద, గాయాలతో, ఒక తృప్తితో పడుకొని ఉండగా కథ ముగుస్తుంది. బ్రతికినాడో లేదో రచయిత చెప్పడు.

ముప్పదియైదేండ్ల తరువాత, 1939లో, గోల్డెన్ కాకెరెల్ ముద్రణాలయం వారు క్లిఫర్డ్ వెబ్ చెక్కిన కొయ్యచిత్రాలతో ఈ కథను 280 ప్రతులు మాత్రమే వేసినారు. అందులో పాత పాఠమూ, వెల్సు తిరగవ్రాసిన కొత్త పాఠమూ రెండూ ఉన్నవి. కొత్త పాఠంలో న్యూనెజ్ కొండ ఎక్కుతూ వెనుకకు చూచి, లోయపై వ్రేలాడే రాతిగోడలో కొత్తగా పడిన పగులును గమనిస్తాడు. అది విరిగి పడితే ఊరు మిగలదు. తన స్వేచ్ఛ వదలుకొని క్రిందికి దిగివచ్చి హెచ్చరిస్తాడు. ఎవరూ నమ్మరు. కొండ విరుగుతుంది. మెదీనా సరోతేను మాత్రం వెంటబెట్టుకొని బయటపడతాడు. తరువాత వారికి కన్నులున్న బిడ్డలు కలుగుతారు. అయినా ఆమెకు చూపు వద్దు. చూడడం అందమైనదే కావచ్చును గాని భయంకరమైనది కూడ అయి ఉంటుందని ఆమె అంటుంది.

మొదటి పాఠంలో ద్రష్ట ఒంటరివాడు, అంతే. రెండవ పాఠంలో అతడు రానున్న వినాశం చూడగలిగీ ఆపలేనివాడు. ఆ మార్పును కొత్త ముద్రణ పీఠికలో వెల్సు తానే వివరించినాడు. 1904లో ఒకని ఆంతరంగిక ఏకాంతం ప్రధానం. 1939 నాటికి అంధ ప్రపంచంపై విరుచుకుపడే ప్రళయం ప్రధానం. ఆ ఏడు సెప్టెంబరులో రెండవ ప్రపంచ సంగ్రామం ఆరంభమైనదని తెలిసినవారికి ఆ రాతిగోడ ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

తెలుగు ఉపాధ్యాయులకు ఈ సమస్య కొత్తది కాదు. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' 1897లో ఒక రూపంలోను, 1909లో ఆమూలాగ్రం మారిన మరొక రూపంలోను వెలువడినది. పాఠశాలలలో, రంగస్థలంపై నిలిచినది రెండవ కూర్పు. వెల్సు విషయంలో జరిగినది తలక్రిందు. రచయిత చివరిమాట 280 ప్రతుల విలాస ముద్రణలో ఉండిపోయినది. లోకం చదివినది మొదటి పాఠమే. కళాదృష్టితో చూచినా లోకం పొరపడలేదనిపిస్తుంది. నక్షత్రాల క్రింది ఆ మౌనంలో ఉన్న బలం కొండ విరిగిన చప్పుడులో లేదు. అయితే రెండవ పాఠం ఉన్నదని తెలియకుండ మొదటిది బోధించడం వేరు, తెలిసి బోధించడం వేరు. రెండు ముగింపులనూ తరగతిలో ప్రక్కప్రక్కన చదివించి, ఏది ఎందుకు నచ్చినదో వ్రాయమంటే పదవ తరగతి పిల్లలు సైతం విమర్శకులవుతారు.

సైన్స్ ఫిక్షన్ అనే పేరు క్రింద ఏరినప్పుడు జరిగే నష్టం మరొకటి ఉన్నది. 1896లో 'ది యెల్లో బుక్' పత్రికలో వచ్చిన 'ఎ స్లిప్ అండర్ ది మైక్రోస్కోప్' కథలో యంత్రాలు లేవు, గ్రహాంతరవాసులు లేరు. హిల్ అనే చెప్పులు కుట్టేవాని కుమారుడు విద్యార్థి వేతనంతో విజ్ఞాన కళాశాలలో చదువుతూ ఉంటాడు. ప్రయోగ పరీక్షలో సూక్ష్మదర్శిని క్రింద ఉంచిన పలకను కదపరాదని నియమం. అలవాటుకొద్దీ అతని చేయి తగిలి పలక కదులుతుంది. అది ఏ వస్తువో తెలిసిపోతుంది. ప్రథముడుగా ఉత్తీర్ణుడవుతాడు. అంతరాత్మ బాధ పెట్టగా ఆచార్యుని వద్దకు వెళ్ళి జరిగినది చెబుతాడు. నియమం నియమమేనని అతనిని తొలగిస్తారు. నిజం చెప్పినందుకు శిక్ష! కల్పనా విజ్ఞానం మాత్రమే కావాలనేవారికి ఈ కథతో పని ఉండదు. పరీక్షలతో కాలం గడిపే ఉపాధ్యాయ విద్యార్థి లోకానికి ఇంతకన్న దగ్గరి కథ వెల్సు వ్రాయలేదు. దీనిని అతడు 1911లో విడువకపోవడం మెచ్చుకొనదగినది.

భారతీయ శాసనం ప్రకారం రచయిత మరణానంతరం అరువదియేండ్లు గ్రంథస్వామ్యం ఉంటుంది. కనుక 2007 జనవరి 1వ తేదీ నుండి వెల్సు కథలను మన దేశంలో ఎవరైనా ముద్రించవచ్చును, అనువదించవచ్చును. బ్రిటనులో ఆ గడువు డెబ్బదియేండ్లు గనుక అక్కడ 2017 వరకు ఆగవలసి వచ్చినది. ఇది తెలుగు అనువాదకులకు శుభవార్తయే. చవక ప్రతులు సమృద్ధిగా దొరుకుతున్నవి. వాటిలో లోపమొకటే: కథ ఎప్పుడు వ్రాయబడినదో, ఏ పాఠం నుండి తీసుకొన్నదో చెప్పని ప్రతులు ఉంటవి. వెల్సు 1911లో శ్రమపడి ఇచ్చిన తేదీలు ఇటువంటి ముద్రణలలో రాలిపోతవి. టాంకుల కథను 1903 అనే అంకె లేకుండ చదివిన విద్యార్థి అది ఏదో పాత యుద్ధవర్ణన అనుకొంటాడు. ఆ అంకె ఉంటే ఉలిక్కిపడతాడు. అనువదించేవారు శీర్షిక క్రింద సంవత్సరాన్నీ, మూలపాఠాన్నీ ఒక్క పంక్తిలో సూచిస్తే చాలును. కాగితం ఖర్చు పెరగదు.

వెల్సు మరణించిన ఎనిమిదేండ్లకు, 1954లో, అతని కాగితాలను అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయం కొన్నది. లేఖలు, చిత్తుప్రతులు, వ్రాతప్రతులు ఎన్నో పెట్టెలు. వాటిలో నుండి 'ది హాంటెడ్ సీలింగ్' అనే కథ ఒకటి బయటపడి 2016లో అమెరికాలోని స్ట్రాండ్ పత్రికలో అచ్చయినది. ఇది వెల్సు వ్రాసిన పాత స్ట్రాండ్ కాదు, ఆ పేరు పెట్టుకొన్న కొత్త పత్రిక. గది పైకప్పు మీద ఒక స్త్రీ రూపాన్ని చూచి భీతిల్లే మనిషి కథ అది. వెల్సు కథానికలకు ప్రసిద్ధుడవుతున్న ఆ తొలి దశాబ్దంలోనే వ్రాసి, అచ్చుకు ఇవ్వక ప్రక్కన పెట్టినాడు. 1911 సంపుటంలో గాని, 1927 సంపుటంలో గాని, 1998 నాటి సంపూర్ణ సంపుటంలో గాని అది లేదు.